రైఫిల్‌కు తగిన మ్యాగజైన్: అమరికను, విశ్వసనీయతను నిర్ణయించేవి ఏమిటి?

1999లో కార్గిల్ శిఖరాలపై పోరాడిన భారత సైనికుల చేతుల్లోని కొత్త ఆయుధం ఇన్సాస్ రైఫిల్. దేశీయంగా రూపొందిన ఈ 5.56 మిల్లీమీటర్ల తుపాకీపై ఆ యుద్ధం తరువాత పలు ఫిర్యాదులు వెలువడ్డాయి. వాటిలో తరచుగా వినిపించినది దాని ప్లాస్టిక్ మ్యాగజైన్‌కు సంబంధించినది. ఎముకలు కొరికే చలిలో అది పెళుసుబారి పగిలిపోతోందన్నది ఆ ఆరోపణ. తూటాలను అందించే పెట్టె పగిలితే, ఎంత గురి గల రైఫిల్ అయినా ఒక్కొక్క తూటాను చేతితో నింపుకోవలసిన సాధనంగా మిగిలిపోతుంది. శత్రువు ఎదురుగా ఉన్న క్షణంలో అది ప్రాణాంతకం.

ఆయుధ కొనుగోళ్లపై జరిగే చర్చలలో మ్యాగజైన్ ప్రస్తావన అరుదు. అయితే స్వయంచాలక రైఫిల్ మొరాయించిన ప్రతిసారీ నిపుణులు మొదట పరిశీలించేది దానినే.

పదం, పరికరం

'మ్యాగజైన్' అనే మాటకు మూలం 'గిడ్డంగి' అనే అర్థమున్న అరబ్బీ పదం 'మఖ్జన్'. ఇటాలియన్, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లిషులోకి చేరి, మందుగుండు నిల్వచేసే కొట్టుకూ, తుపాకీలో తూటాలుండే పెట్టెకూ, చివరకు రచనల నిధి అనే భావంతో పత్రికకూ పేరైంది. వార్తలలో దీనినే 'క్లిప్' అని కూడా వ్యవహరిస్తుంటారు. ఆ రెండూ ఒకటి కావు. క్లిప్ అంటే తూటాలను వరుసగా పట్టి ఉంచే లోహపు పట్టీ మాత్రమే. దానిలో స్ప్రింగు ఉండదు. రెండు ప్రపంచ యుద్ధాలలో భారత సిపాయిలు మోసిన .303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు పది తూటాల మ్యాగజైన్ ఉండేది. అది ఊడదీయదగినదే అయినా, సైనికులు దానిని తుపాకీలోనే ఉంచి, ఐదేసి తూటాల పట్టీలతో పైనుంచి నింపేవారు.

ఎలా పనిచేస్తుంది?

మ్యాగజైన్‌లో ప్రధాన భాగాలు నాలుగు: పెట్టె, స్ప్రింగు, తూటాలను పైకి నెట్టే పలక, అడుగు మూత. పెట్టె పైభాగంలో లోపలికి వంగి ఉండే రెండు అంచులను 'ఫీడ్ లిప్స్' అంటారు. స్ప్రింగు ఒత్తిడికి తూటా ఎగిరిపోకుండా పట్టి ఉంచేవి, బోల్ట్ ముందుకు నెట్టినప్పుడు దానిని సరైన కోణంలో ఛాంబరులోకి వదిలేవి ఇవే.

నిమిషానికి 600 తూటాల వేగంతో పేలే రైఫిల్‌లో ఒక్కొక్క ఆవృత్తికి లభించే సమయం సెకనులో పదోవంతు. బోల్ట్ వెనుకకు పోయి తిరిగి ముందుకు వచ్చేలోగా స్ప్రింగు మిగిలిన తూటాల దొంతర మొత్తాన్ని పైకి లేపాలి. అది ఆలస్యమైతే బోల్ట్ ఖాళీ ఛాంబరు మీద మూసుకుంటుంది, లేదా తూటాను సగంలో తగిలి ఇరికిస్తుంది. అంచులు కొద్దిగా విచ్చుకున్నా తూటా ముక్కు పైకి లేచి అడ్డం పడుతుంది. లోపలి పలక ఒరిగితే దొంతర మధ్యలో ఆగిపోతుంది. ఇసుక, మట్టి చేరినా ఫలితం ఇదే.

తూటా ఒకటే అయినా పెట్టె వేరు

తూటా పరిమాణం సరిపోతే మ్యాగజైన్ కూడా సరిపోతుందనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. పెట్టె వెడల్పు, తుపాకీలో అమరే గూడు ఆకారం, పట్టి ఉంచే కొక్కెం స్థానం, బిగించే పద్ధతి కూడా కలవాలి. ఎం-16 తరహా రైఫిళ్లలో మ్యాగజైన్ నేరుగా పైకి నెడితే బిగుస్తుంది. ఏకే తరహాలో ముందు భాగాన్ని తగిలించి, వెనుక భాగాన్ని పైకి తిప్పాలి. ఏకే మ్యాగజైన్ అంతగా వంపు తిరిగి ఉండటానికి కారణం 7.62×39 తూటా గుల్ల అడుగు నుంచి పైకి సన్నబడుతూ పోవడమే. అటువంటి తూటాలను ఒకదానిపై ఒకటి పేరిస్తే వరుస సహజంగానే వంగుతుంది.

బెల్జియం రూపొందించిన ఫాల్ రైఫిల్ ఈ చిక్కుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఐరోపాలో మీటరు కొలతలతో, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాలలో అంగుళాల కొలతలతో దానిని తయారు చేశారు. రెండింటి తూటా 7.62×51 మిల్లీమీటర్లదే. కానీ అంగుళాల నమూనా మ్యాగజైన్ ముందుభాగంలోని పెద్ద బొడిపె మీటరు నమూనా తుపాకీలో పట్టదు. మీటరు నమూనా మ్యాగజైన్ మాత్రం అంగుళాల తుపాకీలో సాధారణంగా అమరుతుంది, కొంత వదులుగానైనా. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధంలో తలపడిన బ్రిటన్, అర్జెంటీనా సైన్యాలు ఈ రెండు నమూనాలనే వాడాయి.

దీనికి విపర్యయమూ ఉంది. .300 బ్లాకౌట్ అనే తూటా 5.56 మ్యాగజైన్‌లోనే చక్కగా ఇమిడిపోతుంది. అయితే పొరపాటున దానిని 5.56 రైఫిల్‌లో పేలిస్తే తుపాకీ బద్దలై, కాల్చినవారే గాయపడే ప్రమాదం ఉంది. మ్యాగజైన్ అమరినంత మాత్రాన తూటా ఆ తుపాకీకి తగినదని భావించరాదు.

నాటో 'ప్రమాణం' కథ

మిత్ర దేశాల సైనికులు అవసరమైనప్పుడు మ్యాగజైన్లు పంచుకోగలగాలన్న ఉద్దేశంతో 1980లో నాటో 'స్టనాగ్ 4179' పేరిట ఒక ముసాయిదాను ప్రతిపాదించింది. ఎం-16 మ్యాగజైన్ దానికి ఆధారం. ఆ ముసాయిదా ఎన్నడూ ఆమోదం పొందలేదు. అయినా అనేక దేశాలు దానిని పాటించడంతో 'స్టనాగ్ మ్యాగజైన్' అన్న పేరు స్థిరపడింది.

ఆచరణలో ఈ పేరు పూర్తి హామీ కాదు. అమెరికా సంస్థ మ్యాగ్‌పుల్ 2007లో విడుదల చేసిన పాలిమర్ మ్యాగజైన్ ఎం-16 కుటుంబంలో మంచి పేరు తెచ్చుకున్నప్పటికీ, బ్రిటన్ ఎల్-85 రైఫిల్ గూడులో సరిగా పట్టలేదు. అటువంటి తుపాకుల కోసం ఆ సంస్థ బాహ్య ఆకృతి మార్చి 'ఈమ్యాగ్' అనే మరో నమూనాను తయారు చేయవలసి వచ్చింది.

ఉక్కు, అల్యూమినియం, పాలిమర్

ఉక్కు పెట్టె మొరటు వాడకాన్ని తట్టుకుంటుంది. కానీ బరువెక్కువ, తుప్పు బెడద తప్పదు. అల్యూమినియం తేలిక. దాని బలహీనత అంచులలో ఉంది. కింద పడితే అవి వంగుతాయి, పక్కలు సొట్టపోతాయి. ఆ వంపు కంటికి కనిపించనంత చిన్నదైనా తూటా దారి తప్పుతుంది. అమెరికా సైన్యం 2009లో మెరుగైన స్ప్రింగు, ఒరగని పలక గల కొత్త అల్యూమినియం మ్యాగజైన్‌ను ప్రవేశపెట్టింది.

నాణ్యమైన పాలిమర్ సొట్టపోదు, తుప్పు పట్టదు. అమెరికా మెరైన్లు 2016లో మ్యాగ్‌పుల్ నమూనాకు అనుమతి ఇచ్చారు. అయితే పాలిమర్ అన్నది ఒకే పదార్థం కాదు. మిశ్రమం, తయారీ పద్ధతిని బట్టి చలిని, ఎండను, రసాయనాలను తట్టుకునే శక్తి మారుతుంది. దోమలను తరిమే కొన్ని ద్రావణాలు సైతం కొన్ని రకాల ప్లాస్టిక్‌ను దెబ్బతీస్తాయి. తూటాలు ఎన్ని మిగిలాయో తెలియాలని ఇన్సాస్‌కు అర్ధపారదర్శక ప్లాస్టిక్ వాడారు. ఉపయోగకరమైన ఆలోచనే అయినా, హిమాలయాల చలి ఆ పదార్థపు హద్దును బయటపెట్టింది.

ఎంపికలో చూడవలసినవి

తయారీ సంస్థ ఆ తుపాకీ కోసమే నిర్దేశించిన మ్యాగజైన్ మొదటి ఎంపిక. ఇతర సంస్థలవైతే, ఏ నమూనా తుపాకీలో పరీక్షించారన్నది తెలుసుకోవాలి. గూడులో బిగించాక కిందికి లాగి చూడాలి. ఊడకూడదు, అతిగా ఊగకూడదు. మీట నొక్కితే సులువుగా రావాలి. పూర్తిగా నింపినప్పుడు కూడా, బోల్ట్ మూసి ఉండగా బిగుసుకుంటుందా అన్నది ముఖ్యం. ఎం-16 తరహాలో నిండు మ్యాగజైన్ ఒక్కోసారి పట్టదు. అందుకే 30కి బదులు 28 తూటాలే నింపే అలవాటు పలువురు సైనికులలో ఉంది.

చివరి తూటా పేలాక బోల్ట్‌ను వెనుకనే ఆపే ఏర్పాటు గల రైఫిళ్లలో ఆ పని చేయించేది మ్యాగజైన్‌లోని పలకే. అది విఫలమైతే పలకను, స్ప్రింగును అనుమానించాలి. సామర్థ్యం పెరిగేకొద్దీ పొడవైన దొంతరను నెట్టే భారం స్ప్రింగుపై పడుతుంది. అతి పెద్ద మ్యాగజైన్లలో సమస్యలు తరచుగా ఎదురవడానికి ఇదొక కారణం.

అన్నిటికంటె సులువైన జాగ్రత్త, ప్రతి మ్యాగజైన్‌కూ ఒక సంఖ్య వేయడం. తుపాకీ ఇరుక్కున్నప్పుడు ఏ సంఖ్య అందులో ఉందో నమోదు చేస్తే, లోపం తుపాకీదా, ఒకే మ్యాగజైన్‌దా అన్నది కొద్ది రోజులలోనే తేలిపోతుంది. మ్యాగజైన్ అరిగిపోయే వస్తువు. అంచులు విచ్చుకున్న దానిని వంచి వాడటం కంటె పక్కన పెట్టడమే క్షేమం.

భారత సైన్యంలో నేటి పరిస్థితి

భారత బలగాల వద్ద నేడు పలు రకాల మ్యాగజైన్లు ఉన్నాయి. ఇన్సాస్‌కు 20 తూటాలది, దాని తేలికపాటి మెషిన్‌గన్ రూపానికి 30 తూటాలది సొంత నమూనాలు. ప్రత్యేక దళాల ఇజ్రాయెలీ టావోర్ అదే 5.56 తూటాను వాడినా స్టనాగ్ తరహా మ్యాగజైన్ తీసుకుంటుంది. 2019 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరిన 72,400 సిగ్-716 రైఫిళ్లది 7.62×51 తూటా. 2021 డిసెంబరులో ఒప్పందం కుదిరి, అమేఠీ జిల్లా కోర్వాలో తయారవుతున్న ఏకే-203ది 7.62×39. ఈ రెండు 7.62లకు పేరులోనే పోలిక. తూటా గానీ మ్యాగజైన్ గానీ మారవు. డీఆర్‌డీఓ పుణె ప్రయోగశాల, హైదరాబాద్‌కు చెందిన ద్వీప ఆర్మర్ కలిసి రూపొందించి 2024 జనవరిలో ఆవిష్కరించిన 'ఉగ్రం' రైఫిల్ కూడా 7.62×51 తూటాదే. దానికి 20 తూటాల మ్యాగజైన్ ఉంది. ఇన్ని రకాలు పక్కపక్కనే ఉన్నచోట, ఒక దళం మ్యాగజైన్ మరో దళానికి అక్కరకు రాకపోవడం సరఫరా అధికారులు ముందుగానే లెక్కలోకి తీసుకోవలసిన విషయం.

చట్టం ఏమంటోంది?

1959 నాటి ఆయుధాల చట్టం 'ఆయుధం' అన్న నిర్వచనంలో విడిభాగాలను కూడా చేర్చింది. కాబట్టి మ్యాగజైన్‌ను మామూలు సామాను వలె విదేశాల నుంచి తెచ్చుకోవడం చిక్కులకు దారితీస్తుంది. లైసెన్సు గల క్రీడాకారులు, ఇతరులు అధీకృత డీలరు ద్వారానే తీసుకోవాలి. స్వయంచాలక తుపాకులు పౌరులకు నిషిద్ధం. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు గమనించవలసిన సంగతి మరొకటి: అక్కడ మ్యాగజైన్ సామర్థ్యంపై నిబంధనలు రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియా, న్యూయార్క్ చట్టాలు పది తూటాలను, కొలరాడో చట్టం పదిహేనింటిని హద్దుగా పెట్టాయి. ఒక రాష్ట్రంలో చట్టబద్ధంగా కొన్నది సరిహద్దు దాటాక నేరం కావచ్చు.