అభయం ఎవరికి? కవ్వాల్ అరణ్యమార్గంలో ఒక విచారణ

"అభయారణ్యం" అనే సమాసం నేడు ప్రభుత్వ ఫలకాలపై, బస్సు కిటికీలలోనుండి కనిపించే సూచికలపై నిత్యం దర్శనమిస్తుంది. అందులోని అరణ్యశబ్దం అందరికీ సుపరిచితమే. అభయశబ్దాన్ని మాత్రం మనం విచారించం. ఎవరు ఇచ్చిన అభయం? ఎవరు స్వీకరించిన అభయం?

ఈ భావం ఆధునిక శాసనకర్తల సృష్టి కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం ద్వితీయాధికరణంలో "అభయవన" ప్రస్తావన ఉంది. సూనాధ్యక్షుని విధులను నిరూపించే సందర్భంలో, అభయవనవాసులైన మృగ పక్షి మత్స్యాదులను బంధించినా, వధించినా ఉత్తమ దండం విధించాలని ఆచార్యుని నిర్ణయం. ఆ వెంటనే, అభయవన విషయంలో అపరాధం చేసిన కుటుంబీకునికి మధ్యమ దండమని మరొక విధి కనిపిస్తుంది. అదే అధికరణంలో, సాగుకు యోగ్యం కాని భూములను గూర్చి చెబుతూ, స్థావర జంగమాలకు అభయం ప్రకటించిన అరణ్యాలను తపస్వులకు ఒసగాలని విధించాడు. అనగా అభయవనంలో మృగానికి స్థానమున్నది, తపస్వికి స్థానమున్నది. గృహస్థు మాత్రం అక్కడ దండనీతి పరిధిలోనే కనిపిస్తాడు. ఈ విభజనను పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి.

ఇక ఉత్తర తెలంగాణకు వద్దాం. కరీంనగర్ నుండి లక్షెట్టిపేట వైపు వెళ్ళే బస్సు రాయపట్నం వంతెనపై గోదావరిని దాటుతుంది. నరసింహక్షేత్రమైన ధర్మపురి అక్కడికి సమీపమే. నది దాటితే పూర్వపు ఆదిలాబాదు జిల్లా. లక్షెట్టిపేటలో బస్సు మారి నిర్మల్ మార్గంలో పోతే జన్నారం వస్తుంది. అదే కవ్వాల్ అరణ్యానికి ద్వారం. టేకు, వెదురు ప్రధానమైన ఈ అడవిని 1965లో వన్యప్రాణి అభయారణ్యంగా, 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. దాని కేంద్రభాగమే సుమారు 890 చదరపు కిలోమీటర్లు. మహారాష్ట్రలోని తాడోబా అడవులనుండి పులులు ఇటు సంచరిస్తాయి. దుప్పి, కణుజు, అడవిదున్న, ఎలుగుబంటి, చిరుతపులి ఇక్కడి నివాసులు. వనవిహారం కోరి వచ్చినవారు అటవీశాఖ అనుమతితోనే లోనికి పోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం విధించిన నియమం అది. ఉచితమైన నియమమే.

అయితే ఈ అరణ్యసీమలో ఆ చట్టానికీ ఆ ప్రకటనలకూ పూర్వమే ఒక పాదయాత్ర ఉన్నది. ఏటా పుష్యమాసంలో గోండులలోని మెస్రం వంశీయులు కేస్లాపూర్‌లోని నాగోబా దేవుని అభిషేకానికి గోదావరీజలం తేవడానికి కాలినడకన బయలుదేరుతారు. జన్నారం మండలంలోని కలమడుగు సమీపాన గోదావరిలో హస్తినమడుగు అనే రేవు ఉన్నది. అక్కడ పూజలు జరిపి, ఝరి అనే లోహపాత్రలో జలం నింపుకొని, అదే విధంగా నడిచి తిరిగి వెళతారు. మార్గమధ్యంలో గ్రామగ్రామాన బస. వారి వంశగాథను గానం చేసేవారు పర్ధానులు. ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవిని అర్చించి, కేస్లాపూర్ మర్రిచెట్ల నీడలో విడిది చేస్తారు. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ. అభిషేకానికి కావలసిన మట్టిపాత్రలను సిరికొండకు చెందిన కుమ్మరి కుటుంబం తయారు చేసి ఇస్తుంది. ఆ వంశంలోని నూతన వధువులను దేవునికి పరిచయం చేసే "భేటి" కూడా ఈ సందర్భంలోనే జరుగుతుంది.

ఇక్కడ కౌటిల్యుని విభజన నిలువదు. ఈ యాత్రికులు తపస్వులు కారు. పొలము, పశువులు, సంతానము గల గృహస్థులు. అయినా యాత్రాకాలంలో వారిది వ్రతజీవనం. మన ధర్మశాస్త్రాలు వానప్రస్థాన్ని గార్హస్థ్యానంతరం వచ్చే ఆశ్రమంగా పేర్కొన్నాయి. మెస్రం వంశీయులు గార్హస్థ్యాన్ని వదలకుండానే ఏటా కొద్ది దినాలు ఆ నియమంలో ప్రవేశించి, మళ్ళీ ఇంటికి వస్తారు. గ్రంథస్థం కాని ఈ ఆచారానికి శాస్త్రంలో పేరు వెదకడం కన్న, దానిని ఉన్నదున్నట్లు గ్రహించడమే మేలని నా అభిప్రాయం.

రాజ్యం మాత్రం వారిని అపరాధం చేసిన కుటుంబీకులుగానే చూచింది. నిజాం పాలనలో రిజర్వు అరణ్యాల సరిహద్దురేఖలు గీచినప్పుడు, తరతరాలుగా పోడు చేసుకుంటున్న గోండులు, కోలాములు తమ భూములలోనే ఆక్రమణదారులైనారు. పల్లెలు ఖాళీ అయ్యాయి. 1940లో జోడేఘాట్ వద్ద కొమరం భీం ప్రాణత్యాగం ఆ చరిత్రలోని ఘట్టమే. అనంతరం నిజాం ప్రభుత్వం అశాంతికి హేతువులను పరిశీలించమని క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుని నియోగించింది. ఆయన మార్లవాయి గ్రామంలో నివసించి, గోండుల జీవనాన్ని, అటవీనిబంధనలు వారికి కలిగించిన క్లేశాన్ని నమోదు చేశాడు. గోండీ భాషలో బోధించే ఉపాధ్యాయుల శిక్షణకేంద్రం 1943లో అక్కడనే ప్రారంభమైంది. ఆయన సహధర్మచారిణి ఎలిజబెత్ సమాధి నేటికీ మార్లవాయిలోనే ఉన్నది. కేస్లాపూర్ జాతరలో అధికారులు గిరిజనుల మొర ఆలకించే దర్బారు సంప్రదాయం కూడా ఆయన కాలంలో మొదలైనదే. తీర్థయాత్ర చివర న్యాయసభ! ఈ కలయిక అన్యత్ర నాకు కనిపించలేదు.

పులి పక్షాన వాదన లేదా అంటే, ఉన్నది, బలంగానే ఉన్నది. ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రునికి వ్యాఘ్రానికీ వనానికీ గల పరస్పరాశ్రయాన్నే దృష్టాంతంగా చూపాడు. ధార్తరాష్ట్రులు వనం, పాండవులు వ్యాఘ్రాలు. ఒకటి లేనిదే రెండవది నిలువదు. దానికి ప్రతిదృష్టాంతం ఆదిపర్వంలోని ఖాండవదహనం. వనాన్ని దహిస్తే నాగులు నిరాశ్రయులైనారు. నాగదేవతను అర్చించే వంశం కవ్వాల్ సీమలో నడవడం యాదృచ్ఛికమే కావచ్చు, కాని ఖాండవకథ ఎరిగినవాడు ఆ పోలికను విస్మరించలేడు.

ఇటీవలి సంవత్సరాలలో కవ్వాల్ కేంద్రభాగంలోని మైసంపేట, రాంపూర్ గ్రామాలను కడెం మండలంలోనే అరణ్యం వెలుపలికి తరలించి పునరావాసం కల్పించారు. 2006 నాటి అటవీహక్కుల చట్టం ప్రకారం అట్టి తరలింపుకు గ్రామసభ సమ్మతి అవసరం. ఆ సమ్మతి పత్రంపై వ్రాసిన సంతకమేనా, అంతఃకరణపూర్వకమైనదా అన్న ప్రశ్న ఏ ధర్మశాస్త్ర విద్యార్థికైనా సహజంగా కలుగుతుంది. దానమైనా, త్యాగమైనా స్వేచ్ఛతో చేసినప్పుడే ఆ పేరుకు తగుతుంది కదా.

జన్నారంలో బస్సు దిగేవారిలో అధికులు జింకలను చూడగోరి వచ్చినవారు. పుష్యమాసంలో వచ్చినవారికి అదే రహదారి అంచున శ్వేతవస్త్రాలు ధరించి, పాదరక్షలు లేకుండా, ఒకరి వెనుక ఒకరుగా కలమడుగు వైపు నడిచిపోయే మనుషులు కూడా కనిపించవచ్చు. వారి గమ్యం హస్తినమడుగు.