రాత్రి బడికి వచ్చిన తల్లిదండ్రులు



మేరీ జోన్స్ కథ సండేస్కూలులో విననివారు మనలో తక్కువ. వేల్స్ దేశంలో ఒక పేద నేతపనివాని కూతురు. ఏళ్ల తరబడి పైసా పైసా కూడబెట్టి, 1800లో, 15 ఏళ్ల వయసులో, బాలా అనే ఊరికి సుమారు 40 కిలోమీటర్లు నడిచి వెళ్లి, థామస్ చార్లెస్ అనే సేవకుని దగ్గర బైబిలు కొనుక్కున్నది. 1804లో లండనులో బైబిలు సొసైటీ ఏర్పడటానికి ఈ సంగతి ఒక ప్రేరణ అని చెబుతారు. ఆ సొసైటీ సహాయం తరువాత మన తెలుగు బైబిలుకు కూడా అందింది. ఆమె నడక గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం. కాని అంత పేద ఇంటి పిల్లకు అసలు చదవడం ఎలా వచ్చింది? దానికి జవాబు 70 ఏళ్లు వెనక్కి వెళితే దొరుకుతుంది.

కార్మార్తెన్‌షైరు ప్రాంతంలో లాన్‌డౌరర్ అనే చిన్న పల్లె. 1716లో గ్రిఫిత్ జోన్స్ గారు అక్కడికి కాపరిగా వచ్చారు. అప్పటికి వెల్ష్ భాషలో బైబిలు అచ్చయి 128 ఏళ్లు గడిచాయి. పుస్తకం ఉంది, చదివేవారు లేరు. ప్రభువు బల్ల ఆదివారానికి ముందు శనివారం పేదలను పోగుచేసి, రొట్టెలు పంచి, విశ్వాసాన్ని గూర్చి చిన్న చిన్న ప్రశ్నలు అడిగేవారు. జవాబు చెప్పలేని పెద్దవాళ్లు సిగ్గుపడి రావడం మానుకొనేవారు. ఎవరికి ఎక్కువ అవసరమో వారే దూరమైపోతున్నారు.

ఆ సిగ్గు మనకు తెలియనిది కాదు. పాటలన్నీ కంఠతా వచ్చి, ఫలానా అధ్యాయం తెరవండి అనగానే పక్కవారి వైపు చూసే తల్లులు మన సంఘాల్లోనూ ఉన్నారు. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో పిల్లలకు నేర్పే బాధ్యత దేవుడు పెట్టింది తల్లిదండ్రుల మీదనే గదా. చదవలేని తండ్రి ఆ మాటను ఎలా నెరవేర్చాలి?

జోన్స్ గారు సుమారు 1731లో సంస్కారపు కానుక డబ్బుతోనే ఒక బడి పెట్టారు. అది ఒకచోట నిలిచే బడి కాదు. ఉపాధ్యాయుడు ఒక ఊరికి వచ్చి సుమారు మూడు నెలలు ఉండి, నేర్పి, మరో ఊరికి సాగిపోయేవాడు. కోతలు అయిపోయి పనులు తగ్గే శరత్కాలంలో, చలికాలంలో ఎక్కువగా జరిగేవి. గుడిలోనో, ఎవరి ఇంట్లోనో, ఎక్కడ చోటు దొరికితే అక్కడ. పగలు పిల్లలు. పగలంతా పనిచేసుకొనే పెద్దలకు సాయంత్రం మూడు నాలుగు గంటలు. ఆరేళ్ల పిల్లల నుండి 70 దాటినవారి వరకు వచ్చారు. కొన్ని బడుల్లో మూడింట రెండు వంతులు పెద్దలే ఉండేవారు! ముందు రొట్టె దగ్గరికి కూడా రాలేక ఆగిపోయిన మనుషులే వీరు. పక్కన తమ ఈడువారు కూర్చుని ఉంటే అక్షరం తప్పు పలికినా నవ్వేవారు ఉండరు. నా మట్టుకు ఈ పని నిలబడటానికి అన్నిటికంటె పెద్ద కారణం ఇదే అనిపిస్తుంది.

ఇంకో కారణం భాష. అంతకుముందు దాతలు పెట్టిన చాలా బడుల్లో ఇంగ్లీషులోనే నేర్పేవారు. పిల్లలు ఏళ్ల తరబడి కూర్చున్నా అర్థం తెలిసేది కాదు. జోన్స్ గారు ఇంట్లో మాట్లాడే వెల్ష్‌లోనే నేర్పించారు. తెలుగులాగే ఆ భాషను దాదాపు రాసినట్టే పలుకుతారు గనుక రెండు మూడు నెలల్లో చాలామందికి చదవడం పట్టుబడేది. (మన గుణింతాలకు, ఒత్తులకు ఇంకొంచెం ఓపిక కావాలి లెండి.)

ఒక లోటు మాత్రం ఉంది. ఆయన చదవడమే నేర్పించారు. రాయడం, లెక్కలు నేర్పలేదు. పేదవానికి దేవుని వాక్యం చదవగలిగితే చాలు అన్నది ఆయన ఉద్దేశం. వ్యవధి తక్కువన్నది నిజమే. అయినా చేతిలో ఉన్న కాగితం మీద సంతకం చేయగలగడం కూడా పేదవానికి అవసరమే అని నేననుకుంటాను. ఆయనను ఎదిరించిన గురువులు మాత్రం ఈ మాట అడగలేదు. ఈ ఉపాధ్యాయులు మెథడిస్టులని, సంఘాన్ని చీలుస్తున్నారని వారి ఫిర్యాదు.

జోన్స్ గారు 1761లో ప్రభువునందు నిద్రించారు. అప్పటికి దాదాపు 3,500 బడులు, లక్షన్నర మందికి పైగా చదువరులు. వేల్స్ జనాభాయే అప్పుడు అయిదు లక్షలకు అటూ ఇటూ. ఆ లెక్క పగటి బడిది; రాత్రి వచ్చిన తండ్రులు, తల్లులు అందులో చాలావరకు లేరు. ఆయన తరువాత బ్రిడ్జెట్ బెవన్ అనే సహోదరి 1779లో తాను చనిపోయేవరకు ఆ పని నడిపించారు. బడుల కోసం ఆమె రాసిపెట్టిన 10,000 పౌండ్ల మీద బంధువులు తగవు పెట్టుకున్నారు. ఆ సొమ్ము సుమారు 30 ఏళ్లు కోర్టులో ఉండిపోయింది, బడులు మూతపడ్డాయి.

1785 ప్రాంతంలో మళ్లీ అదే పద్ధతిలో మొదలుపెట్టినది బాలాలోని థామస్ చార్లెస్ గారే. ఆయన పంపిన ఉపాధ్యాయుని బడిలోనే మేరీ జోన్స్ చదవడం నేర్చుకున్నది. తరువాత ఆ బడులు సండేస్కూళ్లతో కలిసి పెరిగాయి. అందుకే వేల్స్‌లో సండేస్కూలు అంటే పిల్లలది మాత్రమే కాలేదు. తాతలకు ఒక తరగతి, తల్లులకు ఒక తరగతి, పిల్లలకు ఒకటి. ఆదివారం కుటుంబమంతా ఒకే గుడిలో వేర్వేరు బెంచీల మీద కూర్చుని చదువుకునేవారు.