ఇసుక అచ్చు, చమురు బొమ్మ

కువైట్ నగరమునుండి దక్షిణముగా, తీరరేఖను విడువక సాగు రహదారిపై పాతిక ముప్పది కిలోమీటర్లు పోయినచో, అహ్మదీ పరిపాలనా ప్రాంతమునకు చెందిన ఎగైలా అను నివాసస్థలము వచ్చును. తూర్పున గల్ఫు సముద్రము. నైరుతి దిక్కున 1938లో కనుగొనబడి, ప్రపంచములోని మహాచమురుక్షేత్రములలో ఒకటిగా ప్రసిద్ధికెక్కిన బుర్గాన్. ఈ రెంటి నడుమ, ఇసుక నేలపై వరుసదీరిన మేడలలో కువైటీ గృహస్థులును, ఆ మేడలలో వంటకు, శిశుపోషణకు, వాహనచోదనకు కుదిరి వచ్చిన గోదావరి సీమ స్త్రీలును, కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతముల పురుషులును నివసించుచున్నారు. సమీపమునగల అబూ హలీఫా, మహబూలా, మంగఫ్, ఫహాహీల్ పేటలలోని అద్దె ఇండ్లలో కుటుంబములతో కాపురముండు తెలుగువారును అనేకులు.

లోకమంతట ఇటీవల వ్యాపించిన గృహకళ ఒకటి ఈ పేటలను కూడ విడువలేదు. మెత్తని సిలికాన్ అచ్చులో, రెండు ద్రవములను కలిపి సిద్ధపరచిన రెసిన్‌ను పోసి, ఒక రాత్రి కదలింపక ఉంచి, మరునాడు పళ్లెమునో, దీపపు కుదురునో, గోడకు వ్రేలాడదీయు పూల పలకనో వెలికి దీయుట దాని స్వరూపము. అరబ్బుల ఇంట అతిథి మర్యాదకు తప్పనిసరియైన ధూపపాత్రయు, తెలుగువారి ఇంట సంక్రాంతి బొమ్మల కొలువున నిలుపు బొమ్మయు ఒకే బల్లపై, ఒకే పద్ధతిని తయారగుటకు ఇందు వీలున్నది. ఆ సిలికాన్‌నకు మూలము ఇసుకలోని సిలికా. ఆ ఎపాక్సీ రెసిన్‌నకు మూలము ముడిచమురునుండి తీసిన రసాయనములు. అనగా ఎగైలాకు ఇరుప్రక్కల ప్రకృతి విరివిగా పరచిన జాతి ద్రవ్యములే, ఏ దూరదేశపు కర్మాగారములలోనో రూపాంతరము నొంది, ఒకటి అచ్చుగను, మరియొకటి బొమ్మగను ఈ ఇండ్లకు చేరుచున్నవి.

ద్రవ్యములు నూతనములే గాని పద్ధతి నూతనము కాదు. శిల్పి యొక్క నేర్పును శిల్పి చేతినుండి వేరుచేసి, మూటగట్టుకొని పోదగిన వస్తువుగా మార్చినది అచ్చు. అందువలననే, స్వస్థలమును విడిచి దూరదేశమున ఇల్లు కట్టుకొనిన వారి చరిత్రతో అది మొదటినుండియు పెనవేసుకొని యున్నది. దీనికి సాక్ష్యము కువైట్ గడ్డమీదనే, తీరమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరముననున్న ఫైలకా ద్వీపమున దొరకినది.

ఫైలకా కార్ఖానా

డెన్మార్కు దేశమునందలి ఆర్హూస్ నగరపు ప్రదర్శనశాలకు చెందిన పి. వి. గ్లోబ్, జెఫ్రీ బిబ్బీ అను పురావస్తు పండితుల నాయకత్వమున 1958లో ఈ ద్వీపమున తవ్వకములు ఆరంభమైనవి. క్రీస్తు పూర్వము మూడవ, రెండవ శతాబ్దములలో, అలెగ్జాండరు అనంతరము పశ్చిమాసియాను ఏలిన సెల్యూకస్ వంశీయుల కాలమున, గ్రీకులు ఇచ్చట నివసించిరి. ఈ ద్వీపమును వారు ఇకారస్ అని పిలిచిరి. ఆ పేరు అలెగ్జాండరే పెట్టించెనని చరిత్రకారుడు అరియన్ వ్రాసినాడు. తవ్వకములలో వారి కోటయు, దానిలోని ఆలయమును బయల్పడినవి. కోటకు వెలుపల, తవ్వకమువారు ఎఫ్-4 అని గుర్తు పెట్టిన స్థలమున, కాల్చిన మట్టిబొమ్మలతోపాటు వాటిని చేయు అచ్చులు కూడ దొరకుటచే, అది బొమ్మలు చేయు కార్ఖానా అని పండితులు నిర్ణయించిరి. ఈ బొమ్మలన్నిటిని పరిశీలించి హాన్స్ ఎరిక్ మాథిసెన్ 1982లో ప్రత్యేక గ్రంథమును ప్రకటించినాడు.

ఆ బొమ్మలలో విశేషమేమనగా, గ్రీకు రీతిని మలచిన ముఖములును వస్త్రపు ముడతలును గల రూపములు కొన్ని, ప్రాచ్యదేశ సంప్రదాయముననుసరించిన రూపములు కొన్ని, ఒకే దీవిలో పక్కపక్కనే కనబడుచున్నవి. మధ్యధరా తీరపు మహాశిల్పి ఈ చిన్న ద్వీపమునకు రానక్కరలేదు. అతని రూపమును దాచుకొనిన అచ్చు ఒక్కటి ఓడపై వచ్చిన చాలును. తక్కిన పనికి తడిమట్టియు, బొటనవ్రేలి ఒత్తుడును, నిప్పును సరిపోవును. దేవతను దూరమున విడిచి వచ్చిన సైనికునికి గాని, వర్తకునికి గాని, వాని గుడిసెలో పెట్టుకొనుటకు ఒక చిన్న ప్రతిమ తక్కువ వెలకు లభించినది. చలువరాతి విగ్రహము ప్రభువుల ఆలయమునకు సొత్తు కాగా, అచ్చుబొమ్మ సామాన్యుని గూటికి సొత్తైనది.

కొండాపురపు జంట అచ్చు

ఇంచుమించు ఆ తరువాతి శతాబ్దములలో తెలుగు గడ్డమీద కూడ ఈ విద్య పరిణతి నొందెను. ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపురమున 1940వ దశకారంభమున నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖవారు తవ్వకములు జరిపినప్పుడు సాతవాహనుల కాలపు నగరమొకటి బయల్పడినది. నాణెములు వందలకొలదిగా దొరకినవి. నాణెములు పోత పోయు మట్టి అచ్చులును దొరకినవి. వీటన్నిటికంటె మనోహరములైనవి తెల్లని సుద్దమట్టితో చేసిన చిన్ని ప్రతిమలు. శరీరపు ముందుభాగమునకు ఒకటి, వెనుకభాగమునకు ఒకటి, ఇట్లు రెండు అచ్చులలో పలుచగా మట్టినొత్తి, రెండు చిప్పలను అంచులు కలిపి అతికించుటవలన లోపల బోలుగా, పైకి నిండుగా కనబడు బొమ్మ సిద్ధమగును. బోలుగా నుండుటచే మట్టి తక్కువ పట్టును, సమముగా ఆరును, కాలునప్పుడు పగులదు. స్త్రీల కేశాలంకారములలోని పాయలు, చెవికమ్మలు, మెడహారములలోని పూసలు సైతము స్పష్టముగా కనబడు ఆ ముఖములను చూచినవారు, వాటి అచ్చును చెక్కిన హస్తము సామాన్యమైనది కాదని వెంటనే గ్రహింతురు.

అలంకారకళాభిమానులకు మరింత ఆసక్తికరమైనవి ఆ నగరమున దొరకిన మట్టి బిళ్లలు. రోము చక్రవర్తి టైబీరియస్ నాణెమువంటి నాణెములపై మట్టినొత్తి అచ్చు తీసి, ఆ అచ్చునుండి బిళ్లలు చేసి, దారము దూర్చుటకు వీలుగా కొంకి అమర్చి, మెడలో ధరించు పతకములుగా వాటిని వాడిరి. సముద్రము దాటి వచ్చిన బంగారు నాణెము ధనికుని పెట్టెలోనుండగా, దాని ప్రతిబింబము పేదరాలి కంఠమున వెలసినది. ఫైలకాను కొండాపురమును కలుపునది ఒకే బేరగాడు కాదు, ఒకే అవసరము: అందని వస్తువు యొక్క రూపమునైనను అందుకొనవలెనను గృహస్థుని కోరిక.

పంచదార చిలుకలు

తెలుగు ఇంటికి జంట అచ్చుతోగల పరిచయము మట్టితో ముగియలేదు. గోదావరి జిల్లాలలో పెండ్లికూతురి సారెతో పంపు పంచదార చిలుకలను ఎరుగనివారెవరు? లోతుగా చెక్కిన రెండు చెక్క పలకలను నీట నానవేసి, ముఖాముఖిగా చేర్చి బిగించి కట్టి, పైనున్న రంధ్రమునుండి ముదురుపాకమును పోసి, అది గట్టిపడిన పిమ్మట కట్టు విప్పినచో, చిలుకయో, పువ్వో, గోపురమో ఊడి వచ్చును. చెక్కను నానవేయుటలోనే కిటుకున్నది: తడిసిన చెక్కకు పాకము అంటుకొనదు. నేటి కార్ఖానాలవారు సీసాలలో అమ్ము, అచ్చునకు పూయు విడుదల ద్రవములు చేయు పనియు ఇదియే. వినాయక చవితి ఉదయమున కుమ్మరి వీధిలో కూర్చుండి, చెక్క అచ్చులో బంకమట్టినొత్తి అప్పటికప్పుడు తీసి ఇచ్చు గణపతియు ఈ వంశమునకు చెందినదే.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలుచునది ఆదిలాబాదు ఓజా శిల్పుల డోక్రా పోత. మట్టి ముద్దపై మైనపు తీగలను చుట్టి రూపమును కల్పించి, దానిపై మరల మట్టి పూసి కాల్చగా, మైనము కరగిపోయి ఏర్పడిన ఖాళీలో కరగిన ఇత్తడిని పోయుదురు. చల్లారిన పిదప అచ్చును పగులగొట్టినగాని విగ్రహము బయటకు రాదు. కాబట్టి ఒక అచ్చునకు ఒకే విగ్రహము. ప్రతిమ ప్రతిమకు శిల్పి మొదటినుండి పని చేయవలసినదే. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ విద్యను, పన్నెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు సంకలనము చేసిన మానసోల్లాసము వర్ణించినది. అచ్చును నిలుపుకొని అనేకము చేయుట ఒక మార్గము, అచ్చును త్యజించి ఒక్కటే చేయుట మరియొక మార్గము. నేటి గృహకళ అనుసరించునది మొదటిదానిని.

సున్నితపు రసాయనము

ఇంట పోత పోయువారికి రెసిన్‌కంటె ముందు చేతికి వచ్చునది జిప్సము పొడి. చమురు రాకముందు కువైటీలు సముద్రపు రాళ్లతోను మట్టితోను కట్టుకొనిన ఇండ్ల గోడలకు పూసిన పూత కూడ జిప్సమే. జిప్సము రాతిని సుమారు 150 డిగ్రీల వేడిలో కాల్చినచో, దానిలోని నీటిలో ముప్పాతిక భాగము ఆవిరియై పోవును. ఆ పొడికి మరల నీరు చేర్చినచో, పోయిన నీటిని తిరిగి గ్రహించి రాయిగా మారును. ఈ రహస్యమును 1765లో వెల్లడించినవాడు, అప్పటికి ఇరువదియొక్క ఏండ్ల ప్రాయముననున్న లావోజియె. గట్టిపడునప్పుడు అది రవ్వంత వ్యాకోచించుటవలన అచ్చులోని అతిసూక్ష్మమైన గీతను సైతము పట్టుకొనును. 100 పాళ్ల పొడికి దాదాపు 70 పాళ్ల నీరు తూకముగా తీసికొని, నీటిలోనికి పొడిని చల్లవలెనే గాని పొడిమీద నీటిని పోయరాదు. గట్టిపడునప్పుడు పుట్టు వేడి సామాన్యమైనది కాదు గనుక, పిల్లల చేతి ముద్ర తీయగోరువారు చేతిని నేరుగా ఈ ముద్దలో ముంచుట మహాప్రమాదము. సముద్రపు నాచునుండి తీసిన ఆల్జినేట్‌తో ముందుగా అచ్చు తీసి, ఆ అచ్చులో జిప్సమును పోయుట క్షేమము. ఈ ద్రవ్యముతో చేసిన వినాయకులు నీట కరగవని తేలినందున, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన నియమములలో అట్టి విగ్రహములను నిషేధించినది. పూజకు మట్టియే, అలంకారమునకే జిప్సము.

సిలికాన్‌నకు వేరొక స్వభావమున్నది. ప్లాటినముచే గట్టిపడు జాతి సిలికాన్, గంధకము కలిసిన మట్టిని గాని, రబ్బరు చేతొడుగులను గాని తాకినచో, తాకినంతమేర జిగటగానే నిలిచిపోవును. సన్నని ధారగా, కొంచెము ఎత్తునుండి, పెట్టెలో ఒక మూలకు పోసినచో గాలిబుడగలు దారిలోనే పగిలిపోవును. ఎపాక్సీ విషయమున ఎగైలావాసులు ఎరుగవలసినది వేడిమి. 2016 జూలైలో మిత్రిబా వద్ద 53.9 డిగ్రీలు నమోదైన దేశము కువైట్. పరిసరముల వేడి 10 డిగ్రీలు హెచ్చినచో ఆ ద్రవము గట్టిపడు వేగము దాదాపు రెట్టింపగును. ఒకేసారి లోతుగా పోసినచో అది తనలో తానే కాగి, పసుపువన్నెకు తిరిగి, పగులును కూడ. శీతలయంత్రముగల గదిలో, పొరలుపొరలుగా పోసి, చేతొడుగులు ధరించి, గాలి ఆడునట్లు చూచుకొనుట అవశ్యము. గట్టిపరచు ద్రవము కొందరి చర్మమునకు శాశ్వతమైన వైరమును తెచ్చిపెట్టును.

తరతరమునకు తరుగు

అచ్చు విద్యలో మేలును కీడును ఒకే గుణమునుండి పుట్టుట విచిత్రము. మట్టి అచ్చు నీటిని పీల్చుకొనగా, లోపలి మట్టి కొంత కుంచించుకొని, ఎవ్వరును లాగనక్కరలేకుండ అంచులను విడిచి వచ్చును. కాని ఆరుటలోను కాలుటలోను మొత్తమున పదింట ఒక పాలు తరుగునేని, 20 సెంటీమీటర్ల రూపమునుండి తీసిన బొమ్మ 18 సెంటీమీటర్లే. అసలు అచ్చు పోయి, ఆ బొమ్మనుండియే మరల అచ్చు తీసినచో 16 చిల్లర. మూడవ తరమున 15నకు లోపు. పరిమాణముతోపాటు కన్నుల గీతలును పూసల గుండ్రములును అరిగిపోవును. 1952లో ఆర్. వి. నికల్స్ అను పండితుడు ఈ తరుగునే కొలబద్దగా గైకొని, గ్రీకు మట్టిబొమ్మలలో ఏది తల్లి, ఏది బిడ్డ, ఏది మనుమరాలు అని వంశవృక్షమును నిర్ణయించు మార్గమును చూపినాడు. ఎన్ని ప్రతులు తీసినను, ఎప్పుడో ఒకప్పుడు ఒక శిల్పి కూర్చుండి క్రొత్త మూలరూపమును చేయకున్నచో ఆ వంశము క్షీణించి నశించును.

సిలికాన్ ఈ తరుగును జయించినది. మంచి జాతి సిలికాన్ కుంచించుకొనుట నూటికి ఒక పాలునకు లోపే. అయినను మూలరూపము యొక్క కొరత తీరలేదు సరికదా, వేరొక వేషమున వచ్చినది. నేడు అంగడిలో దొరకు అచ్చులు అన్ని దేశములకు ఒకే కర్మాగారములనుండి పోవుచుండుటవలన, ఎగైలాలో పోసిన పళ్లెమునకును హైదరాబాదులో పోసిన పళ్లెమునకును భేదము కనబడదు. ఫైలకాకు వచ్చిన అచ్చు ఒక దూరదేశపు రూపమును మోసికొని వచ్చినది. ఈనాటి అచ్చు ఏ దేశపు రూపమును మోయుటలేదు. కళ ఇంటికి చేరినది గాని ఇల్లు కళలోనికి ఇంకను చేరలేదు.

దీనికి ఉపాయము కష్టసాధ్యము కాదు. సెలవున స్వదేశమునకు పోయి వచ్చువారు పెట్టెలో ఊరగాయ సీసాలతోపాటు, అటకమీద ధూళిలో పడియున్న చిలుకల చెక్క అచ్చునో, బొమ్మల కొలువునాటి పాత మట్టిబొమ్మనో తెచ్చుకొనవచ్చును. చెక్క అచ్చులో జిప్సమును పోసి తీసిన చిలుకను మూలరూపముగా గైకొనవచ్చును. మట్టిబొమ్మకైతే పలుచని లక్కపూత పూసి, దానిచుట్టు సిలికాన్‌ను పోసి, గట్టిపడిన పిమ్మట ప్రక్కన కోసి బొమ్మను చెక్కుచెదరకుండ వెలికి తీయవచ్చును. చేతనైనవారు మట్టి పిసికి క్రొత్త రూపమును తామే కల్పించుట మరింత శ్రేష్ఠము. అట్టి అచ్చు ఒకటి ఇంట నున్నచో, ఎగైలా పరిసరములలో పుట్టి పెరిగిన పిల్లలు సైతము సంక్రాంతికి కావలసిన బొమ్మను, తమ అమ్మమ్మ కొలువులోని బొమ్మకు ఏమాత్రమును తగ్గని కొలతతో, తమ చేతులతో తామే పోత పోసికొనగలరు.