ఫైటర్ చేపకు పడోసీలు ఎవరు? సియాం నుంచి అనకాపల్లి దాకా ఒక తారీఖ్

అనకాపల్లి అంటే లోకానికి బెల్లం. శారదా నది, చెరకు తోటలు, మార్కెట్‌లో పేర్చిన బెల్లం దిమ్మెలు, కాస్త అవతల శంకరంలో బొజ్జన్నకొండ. 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రం కూడా అయింది. ఈ మధ్య మా మొహల్లాలో ఇంకోటి మొదలైంది. ఏ ఇంటికెళ్లినా కిటికీ గట్టు మీద ఒక గాజు సీసా, అందులో ఒంటరిగా ఒక చేప. నీలమో ఎరుపో ఒళ్లు, దుపట్టా జారినట్టు పొడుగాటి తోక. అసలు పేరు బెట్టా, పిల్లలు పిలిచేది మాత్రం 'ఫైటర్' అని. ఈద్ నాడు చేతికొచ్చిన ఈదీ డబ్బుల్లో సగం మర్నాటికల్లా ఈ చేపకే పోతోంది.

నాకు చేపల షౌక్ ఉందని తెలిసినవాళ్లు మస్జిద్ బయట ఆపి అడిగే సవాల్ ఒక్కటే: "భాయ్, దీనికి జతగా ఏం వెయ్యొచ్చు?" దుకాణంవాడిని అడిగితే ఒక్క నిమిషంలో జవాబు దొరుకుతుంది. నన్నడిగితే మాత్రం ముందు తారీఖ్ వినాలి. ఈ చేప మిజాజ్ దానంతటదే పుట్టింది కాదు, మనుషులు తయారు చేసింది. ఎలా తయారు చేశారో తెలిస్తే ఎవరిని పక్కన పెట్టాలో సగం తెలిసినట్టే.

బెట్టా వతన్ సియాం, అంటే ఇప్పటి థాయిలాండ్. అక్కడి వరి మళ్లు, మడుగులు, నెమ్మదిగా పారే కాలువలు దాని ఇల్లు. థాయీలు 'ప్లా కట్' అంటారు, కరిచే చేప అని అర్థం. పొలంలో ఉన్న అడవి బెట్టా ఇంత అందంగా ఉండదు. తోక పొట్టి, రంగు మట్టి, మెరుపు అక్కడక్కడా. మగవి రెండు ఎదురుపడితే రెక్కలు విప్పి కాసేపు దబాయించుకుంటాయి, ఓడింది గడ్డిలోకి జారుకుంటుంది, అక్కడితో ఖతం. పారిపోవడానికి పొలమంత జాగా ఉంది కదా!

మనుషులు దాన్ని పట్టి కుండలో వేసినప్పుడు ఆ జాగా పోయింది. కొట్లాట మీద పందేలు కాశారు. గెలిచిన చేప పిల్లల్నే పెంచారు, వాటిలో మళ్లీ గెలిచినవాటి పిల్లల్ని. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి కోడిపుంజుల సంగతి తెలిసినవాళ్లకు ఈ పద్ధతి విడమరిచి చెప్పక్కర్లేదు. 2022లో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రికలో ఈ చేప జన్యువుల మీద ఒక పరిశోధన వచ్చింది. మనిషి దీన్ని పెంచడం మొదలుపెట్టి కనీసం వెయ్యేళ్లయిందని అందులో తేల్చారు. వెయ్యేళ్ల తాలీమ్ అన్నమాట! జానవర్లను ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పడాన్ని మన ప్రవక్త (స) మనా చేశారని హదీసు ఉంది. మన ఇళ్లలో పందేలు కట్టేవాళ్లు లేరు, అల్‌హమ్‌దులిల్లాహ్. కానీ తెలియక ఒకే గాజు డబ్బాలో రెండు మగ బెట్టాల్ని వేస్తే వాటికి జరిగేది అదే కదా.

ఇక కితాబుల్లోకి ఇది ఎలా ఎక్కిందో చూద్దాం. సియాం రాజు మూడో రాముడు (1824 నుంచి 1851 దాకా ఆయన హుకూమత్) తన దగ్గరున్న కొన్ని చేపల్ని థియోడోర్ క్యాంటర్ అనే డాక్టరుకు ఇచ్చాడు. క్యాంటర్ డెన్మార్క్ మనిషి, కొలువు ఈస్టిండియా కంపెనీలో. 1849లో కలకత్తాలో అచ్చయిన ఆసియాటిక్ సొసైటీ పత్రికలో దీని గురించి రాశాడు. చేపల కొట్లాట చూపించుకునే లైసెన్సుల మీద అక్కడి రాజుగారి ఖజానాకు బాగానే ఆమ్దనీ వచ్చేదట. క్యాంటర్ దీన్ని 'ప్యూగ్నాక్స్' అన్నాడు, లాటిన్‌లో కొట్లాటకోరు. అరవై ఏళ్లకు లండన్‌లో చార్లెస్ టేట్ రీగన్ అనే శాస్త్రవేత్త, ఆ పేరు వేరే చేపకు ముందే ఉందని గమనించి కొత్త పేరు పెట్టాడు: బెట్టా స్ప్లెండెన్స్. స్ప్లెండెన్స్ అంటే ధగధగలాడేది. మన జబాన్‌లో చమక్‌దార్ అనుకోండి. అంటే కితాబుల్లో కొట్లాటకోరు పోయి వందేళ్లు దాటినా మన బజార్లో ఇంకా 'ఫైటరే'. థాయిలాండ్ ప్రభుత్వం 2019లో దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది.

మన బాద్షాల దర్బార్లలోనూ చేపకు ఇజ్జత్ తక్కువేం కాదు. మొఘలులు పెద్ద ఉమరాలకు ఇచ్చే 'మాహీ మరాతిబ్' అనే నిశాన్‌లో ఉన్నది చేపే. అవధ్ నవాబుల ముద్రలో జంట చేపలు, లక్నో దర్వాజాల మీద ఇప్పటికీ చూడొచ్చు. అవి బెట్టాలు కాకపోవడం నవాబుల నసీబు. అయ్యుంటే రెండో రోజుకు ముద్ర మీద ఒకటే మిగిలేది.

నవ్వులాటకు అన్నాను గానీ, మా వీధిలో సరిగ్గా అదే జరిగింది. ఒక దుకాణంవాడు రెండు మగవాటిని 'జోడీ' అని చెప్పి ఒక ఇంటికి అమ్మాడు. అస్ర్ తర్వాత టాంకులో వేశారు. ఇషా అయ్యేసరికి ఒకదాని తోక పీలికలైంది. పిల్లలు రాత్రి అన్నం ముట్టలేదు. ఇంట్లో పెద్దామె ఒకటే మాట అంటూ కూర్చుంది, "యా అల్లాహ్, నోరులేని జీవి" అని. ఈ వ్యాసం రాయడానికి అసలు వజా ఆ ఇల్లే.

మా చిన్న బేటీ సవాల్ ఇంకో రకం. "అబ్బా, దానికి దోస్తులు లేకపోతే దిల్ బాధపడదా?" అంది. పడదు బేటా, అని చెప్పాను. మగ బెట్టా ఒంటరితనాన్ని సజాగా అనుకోదు, ఆ జాగా నాదే అనుకుంటుంది. నీటిపైన బుడగలతో గూడు కట్టి కాపలా కాస్తుంది. గుడ్లు పెట్టే ఆ కాస్త సమయం తప్ప ఆడదాన్ని కూడా దగ్గరికి రానివ్వదు. కాబట్టి పడోసీలు లేకపోయినా దాని హక్కు ఏమీ తగ్గదు. కావాలనుకునేది మనం. మన షౌక్ కోసం తెచ్చే పడోసీలు దానికి జులుం కాకుండా చూడాలి. మన షౌక్‌కు ఆ పడోసీలు బలి కాకూడదు కూడా.

ఇక్కడ మన ఇలాఖా తారీఖ్ కొంచెం చెప్పుకోవాలి. ఇక్కడికి నలభై కిలోమీటర్ల లోపే ఉన్న విశాఖపట్నంలో 1780లలో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ డాక్టరు ఉండేవాడు. అంతకు ముందు ఏళ్ల తరబడి సిరియాలో, హలబ్ షహర్లో పనిచేశాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్న పేరు ఇతనిదే. విశాఖ తీరంలో పోగుచేసిన రెండొందల చేపల మీద రాసిన కితాబ్ 1803లో లండన్‌లో అచ్చయింది. నాకు నచ్చిన సంగతి, ఇక్కడి జనం పిలిచే తెలుగు పేర్లనే ఆయన అందులో ఎక్కించడం. నీటి సంగతి నీటి పక్కనుండేవాణ్నే అడగాలని ఆయనకు తెలుసు. సముద్రపు చేపలే ఎక్కువ కాబట్టి మన టాంకుకు ఆ కితాబ్ పెద్దగా పనికిరాదు.

పనికొచ్చేది ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్ రాసింది. టిప్పు సుల్తాన్ షహీద్ అయిన మరుసటి ఏడాది, 1800లో, మైసూరు ఇలాఖా అంతా తిరిగి కంపెనీకి లెక్కలు రాసినవాడు ఇతనే. తర్వాత గంగా నది చేపల మీద 1822లో ఒక పెద్ద కితాబ్ వేశాడు. ఈనాడు అక్వేరియం దుకాణాల్లో కనిపించే హిందుస్తానీ చేపలు చాలా వరకు అందులోవే. చారల జీబ్రా డేనియో, చిన్న గౌరామీ ఇలాంటివి.

ఇవి మన దేశపువే కదా, బెట్టా పక్కన వేద్దామా అంటే, ఆగండి. గౌరామీ బెట్టాకు ఖాందాన్. రెండింటికీ తలలో, మొప్పల పైన, గాలి పీల్చుకునే ఒక అవయవం ఉంటుంది. బజార్లో తక్కువ నీళ్లలో కూడా కొర్రమీను గంటల తరబడి బతికే ఉంటుంది చూడండి, గాలి పీల్చే ఇలాంటి ఏర్పాటు దానికీ ఉంది. అందుకే బెట్టా, గౌరామీ రెండూ మాటిమాటికీ నీటి పైకే వస్తాయి, రెండూ పైభాగమే నాదంటాయి. ఒకే గట్టు కోసం దాయాదులు తగువుపడినట్టు ఉంటుంది. గౌరామీ వద్దు. జీబ్రా డేనియోకు దుష్మనీ ఏమీ లేదు గానీ నిమిషం నిలవదు. ఆ ఉరుకులాటలో పొడుగు తోక బెట్టాకు మేత అందదు, సుకూన్ ఉండదు.

గప్పీ గురించి ఎక్కువమంది అడుగుతారు. చవక, రంగులు బాగుంటాయి, పిల్లల్ని తెగ పెడుతుంది. దీనికి, దీని చుట్టం గంబూసియాకు మన నేల మీద ఒక కిస్సా ఉంది. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఆ దోమ ఎవరి రక్తం తాగిందో తెలుసా? హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిది. కుట్టించుకున్న ఒక్కో దోమకు ఒక అణా మజూరీ. నోబెల్ బహుమతి రాస్‌కు వెళ్లింది, హుసేన్ ఖాన్ పేరు మన పిల్లల పాఠాల్లో ఎక్కడా నాకు కనపడలేదు. దోమే ముజ్రిమ్ అని తేలాక, దాని పిల్లల్ని నీళ్లలోనే తినేసే చేపల కోసం వెతికారు. అలా దక్షిణ అమెరికా వైపు నుంచి గప్పీ, ఉత్తర అమెరికా నుంచి గంబూసియా మన దేశానికి చేరాయి. గంబూసియా వచ్చింది 1928లో. వానాకాలంలో మన చెరువుల్లో, గుంటల్లో ఆరోగ్య శాఖవాళ్లు ఇప్పటికీ వదులుతుంటారు. పిల్లలు వాటినే దోసిట్లో పట్టి తెచ్చి ఇంట్లో టాంకులో వేస్తారు.

వెయ్యనివ్వకండి. గంబూసియా చూడ్డానికి గరీబు చేప, స్వభావం మాత్రం రౌడీది. పక్క చేపల రెక్కలు కొరుకుతుంది. గప్పీ సంగతి తిరగేసి చెప్పాలి. మగ గప్పీ తోక రంగులు చూసి బెట్టా దాన్ని ఇంకో మగ బెట్టా అనుకుంటుంది. వెయ్యేళ్ల తాలీమ్ ఒక్కసారి పైకి లేస్తుంది. టైగర్ బార్బులు కూడా వద్దు, అవి మన పరిగెల ఖాందానే గానీ తోకలు కొరకడంలో ఉస్తాదులు. గోల్డ్‌ఫిష్‌ను బెట్టాతో కలిపి అమ్మే దుకాణాలున్నాయి. ఆ జత ఎలా కుదురుతుందో నాకు అర్థం కాదు. గోల్డ్‌ఫిష్ చీనా దేశపు చల్లనీళ్ల చేప, బాగా పెద్దదవుతుంది, నీళ్లు తొందరగా పాడుచేస్తుంది. బెట్టాకు ఇరవై అయిదు, ఇరవై ఎనిమిది డిగ్రీల మధ్య వెచ్చగా ఉండాలి. మన ఎండల్లో అది కష్టం కాదు, డిసెంబరు, జనవరి రాత్రుళ్లు మాత్రం ఒక చిన్న హీటర్ పెట్టండి.

మరి ఎవరు సరిపోతారు? అడుగున బతికేవాళ్లు. నా మొదటి ఓటు కూలీ లోచ్‌కు. పేరు చూసి కూలీనాలీ అనుకోకండి. హైన్రిఖ్ కూల్ అనే జర్మన్ శాస్త్రవేత్త జావా దీవికి వెళ్లి, పాతికేళ్లు కూడా నిండకుండా 1821లో అక్కడే చనిపోయాడు. ఆయన యాద్‌గా పెట్టిన పేరు అది. సన్నగా పాములా ఉండి, పగలు ఇసుకలో, రాళ్ల కింద దాక్కుని రాత్రి తిరుగుతుంది. బెట్టా ఉండేది పైన, ఇది కింద. ములాఖాతే తక్కువ! కనీసం అయిదారు వెయ్యాలి, అడుగున గులకరాళ్లు కాకుండా మెత్తటి ఇసుక ఉండాలి. కోరిడోరాస్ అనే చిన్న జెల్ల జాతి కూడా ఇలాంటి షరీఫ్ చేపే, అదీ గుంపుగానే. మధ్య నీటిలో కదిలేవి కావాలంటే హార్లెక్విన్ రస్బోరా చూడండి. బెట్టా వతన్ వైపుదే, చిన్న తోక, గొడవ పెట్టుకోదు. నత్తలు వెయ్యొచ్చు, మీసాలు లాగితే లోపలికి ముడుచుకుంటాయి. చిన్న రొయ్యలు వేస్తే కొన్ని బెట్టా కడుపులోకి పోతాయని ముందే రాసిపెట్టుకోండి.

ఇవేవీ కిటికీ గట్టు మీది సీసాలో కాదు. ఒక్క బెట్టాకే ఇరవై లీటర్ల నీళ్లు ఉంటే బాగు. పడోసీలు కావాలంటే యాభై, అరవై లీటర్ల టాంకు, నెమ్మదిగా తిరిగే ఫిల్టరు, బోలెడు మొక్కలు. ఓడిన చేప జారుకోవడానికి సియాం పొలంలో గడ్డి ఉండేదని చెప్పాను కదా, ఈ మొక్కలు ఆ గడ్డికి బదులు. పడోసీలను ముందు వేసి, వాళ్లు సర్దుకున్నాక బెట్టాను చివరికి దింపండి. ముందే బెట్టా ఉంటే మొక్కలు, రాళ్లు అటూ ఇటూ మార్చి, అప్పుడు కొత్తవాళ్లను వదలండి. ఆడ బెట్టాల్ని గుంపుగా పెంచుతామనేవాళ్లు ఉన్నారు. వాటిలోనూ దబాయింపు ఉంటుంది, కొత్తవాళ్లకు ఆ పని వద్దు.

ఇంకో మాట. థాయీ పెంపకందార్లు బెట్టా నీళ్లలో ఎండిన బాదం ఆకు వేస్తారు. మనం షీర్ ఖుర్మాలో వేసే బాదం కాదు, మన వీధుల్లో గొడుగులా పెరిగి, శీతాకాలంలో ఆకులన్నీ ఎర్రబడి రాలుతాయే, ఆ బాదం. ఆకు ఊరితే నీళ్లు పల్చటి చాయ్ రంగుకు తిరుగుతాయి, బెట్టా పుట్టిన మడుగుల నీళ్లు కూడా ఆ రంగే. ఆన్‌లైన్‌లో ఈ ఆకులు ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నారు! మనం వాకిలి ఊడ్చేటప్పుడు ఒకటి ఏరుకుంటే సరి. మందు కొట్టని చెట్టు చూసి, పూర్తిగా ఎండిన ఆకు తీసుకుని కడిగి వెయ్యండి.

మొదటి వారం రోజూ రెండుసార్లు కూర్చుని చూడండి. బెట్టా ఒకసారి రెక్కలు విప్పి సలాం లాంటిది చేసి వెళ్లిపోతే ఫికర్ లేదు. వదలకుండా తరుముతుంటే, లేక ఎవరి రెక్క అంచైనా చిరిగి కనిపిస్తే, ఆ రోజే వేరు చెయ్యాలి. అందుకని ఒక పాత సీసా కడిగి పక్కన ఉంచుకోవడం మంచిది. ఇంట్లో ఇద్దరు పిల్లలకు రెండు బెట్టాలు ఉంటే బ్యాంకాక్ చతుచాక్ బజారువాళ్ల తర్కీబ్ ఒకటుంది. వందల సీసాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ఒక చేపకు ఇంకొకటి కనపడకుండా మధ్యలో అట్టముక్కలు నిలబెడతారు. మా వీధిలో ఆ ఇంట్లో ఇప్పుడు రెండు సీసాల మధ్య పాత షాదీ కార్డు ఒకటి నిలబడి ఉంది. తోక చిరిగిన చేపకు మళ్లీ తోక వస్తోంది.