రోమును పడగొట్టింది అనాగరిక తెగలేనా?

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి. పోటీ పరీక్షలకి చదువుతున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

కోచింగ్‌లో ఉన్నప్పుడు ఒక రోజు రోమ్ పాఠం చెప్పారు. "రోమన్ సామ్రాజ్యం ఎందుకు పడిపోయింది? అనాగరిక తెగల దాడుల వల్ల. రాసుకోండి" అని సారు ముందుకెళ్లిపోయారు. అందరితో పాటు నేనూ రాసుకున్నా. వెనక బెంచీ నుంచి ఒకడు "అంటే మీవాళ్లేరా" అన్నాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వేశా. కానీ ఆ మాట లోపల గుచ్చుకుని ఉండిపోయింది. తర్వాత లైబ్రరీలో కూర్చుని చదివితే కథ వేరేలా ఉంది.

ముందు రోమ్ ఎలా పెరిగిందో చూద్దాం. టైబర్ నది ఒడ్డున చిన్న ఊరు అది. క్రీ.పూ. 753లో పుట్టిందని వాళ్ల నమ్మకం. క్రీ.పూ. 509లో రాజుని వెళ్లగొట్టి రిపబ్లిక్ పెట్టుకున్నారని చెప్తారు. అధికారమంతా పెద్ద కుటుంబాల చేతిలోనే ఉండేది. అప్పుల్లో మునిగిన సామాన్యులు, అంటే ప్లెబియన్లు, క్రీ.పూ. 494లో యుద్ధానికి రామని ఊరు వదిలి బయటికెళ్లి కూర్చున్నారట. అప్పుడే వాళ్ల తరఫున మాట్లాడే ట్రిబ్యూన్ పదవి వచ్చింది. క్రీ.పూ. 450 నాటికి చట్టాన్ని 12 పలకల మీద రాయించుకున్నారు. అప్పటిదాకా చట్టం పెద్దోళ్ల నోట్లో ఉండేది.

అసలు కీలకం క్రీ.పూ. 338లో ఉంది. పక్కనున్న లాటిన్ ఊళ్లని రోమ్ ఓడించింది. ఓడిన వాళ్లందరినీ బానిసలు చేయలేదు. కొన్ని ఊళ్లకి పూర్తి పౌరసత్వం ఇచ్చింది, కొన్నింటికి ఓటు లేని పౌరసత్వం ఇచ్చింది, మిగతా వాటితో ఒప్పందం చేసుకుంది. బదులుగా సైనికుల్ని అడిగింది. క్రీ.పూ. 216లో కానే దగ్గర హానిబల్ చేతిలో ఒక్క రోజులో సుమారు 50 వేల మంది రోమన్ సైనికులు చచ్చిపోయారు. దక్షిణాన చాలా ఊళ్లు హానిబల్ వైపు తిరిగాయి గానీ లాటిన్ పట్టణాలు రోమ్‌ని వదల్లేదు. రోమ్ అందుకే తట్టుకుని నిలబడింది.

అలాగని రోమ్ మంచిదని చెప్పట్లేదు. క్రీ.పూ. 146లో కార్తేజ్‌ని నేలమట్టం చేసి, బతికిన వాళ్లని బానిసలుగా అమ్మేసింది. ఆ బానిసలతో పెద్దోళ్లు వేల ఎకరాలు సాగు చేయించారు. ఏళ్ల తరబడి యుద్ధంలో ఉన్న చిన్న రైతు ఇంటికొచ్చేసరికి పొలం చేజారిపోయేది. ప్రభుత్వ భూమి ఒకరి దగ్గర 500 యుగెరాలు, అంటే సుమారు 310 ఎకరాలు, మించకూడదని పాత చట్టం ఉంది. ఎవడూ పట్టించుకోలేదు. క్రీ.పూ. 133లో టైబీరియస్ గ్రాకస్ అనే ట్రిబ్యూన్ ఆ చట్టాన్ని అమలు చేయబోతే, సెనేటర్లే అతన్నీ అతని మనుషులు 300 మందినీ కొట్టి చంపారు. చట్టం ఉండటం వేరు, అమలవటం వేరు అని మనకి ఒకరు చెప్పాలా?

క్రీ.పూ. 91లో ఇటలీ మిత్ర రాజ్యాలు "మీ కోసం చస్తున్నాం, పౌరసత్వం ఏది?" అని తిరగబడ్డాయి. రక్తం పారాకే ఇచ్చారు. తర్వాత ఆ తలుపు ఇంకా తెరుచుకుంది. క్రీ.శ. 48లో క్లాడియస్ చక్రవర్తి గాల్ పెద్దల్ని సెనేట్‌లోకి తెచ్చాడు. స్పెయిన్‌లో పుట్టిన ట్రాజన్, నేటి లిబియాలో పుట్టిన సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తులే అయ్యారు. క్రీ.శ. 212లో కారకల్లా దాదాపు స్వేచ్ఛాజనులందరికీ పౌరసత్వం ఇచ్చాడు. పన్నుల కోసమే ఇచ్చాడని అప్పటివాళ్లే అన్నారు, అది వేరే సంగతి.

ఇక పతనం. 235 నుంచి 284 వరకు 20 మందికి పైగా చక్రవర్తులు మారారు, ఎక్కువ మంది హత్యకి గురయ్యారు. వెండి నాణెంలో వెండి పేరుకే మిగిలింది. పన్నులు పెరిగాయి. 332 నాటి చట్టం కౌలు రైతుని భూమికే కట్టేసింది. ఇవన్నీ తెగలు చేసిన పనులు కావు.

376లో హూణుల దెబ్బకి గోత్ ప్రజలు పిల్లాపాపలతో డాన్యూబ్ ఒడ్డుకొచ్చారు. వాళ్లు దాడికి రాలేదు. చోటిస్తే సాగు చేసుకుంటాం, సైనికుల్నిస్తాం అని అడిగారు. వాలెన్స్ చక్రవర్తి సరేనన్నాడు. కానీ లుపిసినస్, మాక్సిమస్ అనే అధికారులు తిండిని వ్యాపారం చేశారు. కుక్క మాంసం ఇచ్చి బదులుగా మనుషుల్ని బానిసలుగా తీసుకున్నారు, గోత్ పెద్దల పిల్లల్ని కూడా. ఇది రాసింది గోత్‌లు కాదు, అమ్మియానస్ అనే రోమ్ సైనికాధికారి. గోత్‌లు తిరగబడ్డారు. 378 ఆగస్టు 9న ఆడ్రియానోపుల్ దగ్గర వాలెన్స్‌తో పాటు అతని సైన్యంలో మూడింట రెండొంతులు పోయింది.

అయినా బుద్ధి రాలేదు. తండ్రి వాండల్ అయినా పశ్చిమ సైన్యాన్ని నడిపి రోమ్‌ని కాపాడుతూ వచ్చిన స్టిలికోని 408లో చంపేశారు. రోమ్ సైన్యంలోనే ఉన్న తెగల సైనికుల భార్యాపిల్లల్ని ఇటలీ పట్టణాల్లో ఊచకోత కోశారు. ఆ సైనికులు అలారిక్ దగ్గరికి వెళ్లిపోయారు. ఈ అలారిక్ కూడా ఒకప్పుడు రోమ్ తరఫున యుద్ధం చేసినవాడే. తనవాళ్లకి భూమి, ధాన్యం అడిగి అడిగి, కాదన్నాక 410లో రోమ్‌ని దోచుకున్నాడు. 439లో వాండల్స్ కార్తేజ్ తీసుకోవడంతో ఆఫ్రికా ధాన్యం, పన్నులు పోయాయి, సైన్యానికి జీతాలు కష్టమయ్యాయి. 476లో ఓడోవాకర్ చివరి పశ్చిమ చక్రవర్తిని దింపేశాడు. సెనేట్‌ని మాత్రం అతను ముట్టుకోలేదు. తూర్పు సామ్రాజ్యం 1453 దాకా బతికింది.

ఇంకో మాట. 'బార్బేరియన్' అనేది గ్రీకు మాట. అర్థం కాని భాష 'బర్ బర్' అని వినిపించి అలా పిలిచారు. ఆ 'బర్ బర్' గోత్ భాషకి ఉల్ఫిలా అనే ఆయన లిపి చేసి, బైబిల్‌ని అందులోకి తెచ్చాడు. మీ భాషకి లిపి ఉందా అని మనల్ని అడిగేవాళ్లకి ఇది చెప్పొచ్చు.

పరీక్షలో ఆ ఆప్షన్ ఉంటే టిక్ పెట్టండి, మార్కు పోగొట్టుకోవద్దు. కానీ లోపల తెలిసుండాలి. ఓడినవాళ్లని కలుపుకున్నన్నాళ్లు రోమ్ పెరిగింది. చోటడిగి వచ్చినవాళ్ల ఆకలితో బేరమాడినప్పుడు సొంత సైన్యాన్నే శత్రువుగా చేసుకుంది. ఆ రోజు క్లాసులో నేను నవ్వేశాను. మీరు నవ్వకండి, లేచి డాన్యూబ్ ఒడ్డున ఏం జరిగిందో చెప్పండి.