తాళ్ళపాక రాగిరేకులు: నిలిచిన సాహిత్యం, నిలవని స్వరం

పదకవితా పితామహుడుగా ప్రసిద్ధుడైన తాళ్ళపాక అన్నమాచార్యుల జీవితానికి ప్రధానంగా రెండు ఆధారాలున్నాయి. మనుమడు చినతిరువేంగళనాథుడు (చిన్నన్న) ద్విపదలో రచించిన ‘అన్నమాచార్య చరిత్రము’ ఒకటి. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో లభించిన రాగిరేకులు రెండవది. రెండూ ఆ వంశం నుంచి వెలువడినవే అయినా వాటి స్వభావాలు వేరు. చరిత్రము భక్తిప్రధానమైన కావ్యం. సాళువ నరసింగరాయలు వేయించిన సంకెళ్ళు సంకీర్తనతో వీడిపోయిన ఘట్టం అందులోనిదే. రాగిరేకులు కాలనిర్దేశం చేస్తాయి. పదహారవ యేట స్వామి ప్రత్యక్షం కాగా శక సంవత్సరం 1346 క్రోధిలో (1424) సంకీర్తన రచన ఆరంభమైందనీ, 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి (1503) వరకు సాగిందనీ అధ్యాత్మ సంకీర్తనల రేకు తెలుపుతుంది. అన్నమాచార్యుల జన్మ సంవత్సరంగా ప్రచారంలో ఉన్న 1408 ఈ లెక్క నుంచి రాబట్టినదే.

చరిత్రము పేర్కొన్న సంకీర్తనల సంఖ్య ముప్పది రెండు వేలు. లభించినవి అందులో సగానికి లోపే. ఆ మాత్రమైనా నిలవడానికి కుమారుడు పెదతిరుమలాచార్యుల కాలంలో జరిగిన రాగిరేకుల లేఖనమే కారణం. తాటాకు కంటే రాగి మన్నికైనది. అయితే ఆ మన్నిక సాహిత్యానికే పరిమితమైంది. రేకులపై ప్రతి సంకీర్తనకు రాగం పేరు ఉంది గాని స్వరం లేదు. గురుముఖతః సాగిన గాన సంప్రదాయం కాలక్రమంలో తెగిపోయింది.

ఇరవయ్యవ శతాబ్దిలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలైనవారి పరిష్కరణ కృషితో సంకీర్తనలు ముద్రణకు వచ్చాయి. రాళ్ళపల్లివారు, తరువాత నేదునూరి కృష్ణమూర్తి తదితరులు వాటికి స్వరరచన చేశారు. నేడు వినవచ్చే బాణీలు చాలావరకు ఈ ఆధునిక కృషి ఫలితాలే.

రేకుపై ఉన్న రాగంలోనే పాడినంత మాత్రాన నాటి బాణీ దక్కినట్లేనా అన్నది ఇక్కడ ఎదురయ్యే ప్రశ్న. ముఖారి ఇందుకు తగిన ఉదాహరణ. 1550లో రామామాత్యుడు రచించిన ‘స్వరమేళకళానిధి’లో ముఖారి శుద్ధస్వరాలతో కూడిన మేళం. నేటి ముఖారి ఖరహరప్రియ జన్యం. పేరు ఒకటే అయినా స్వరరూపం వేరు. అన్నమాచార్యుల కాలానికి దాదాపు అర్ధశతాబ్ది తరువాతి లక్షణ గ్రంథంలోనే ఇంత భేదం కనిపిస్తున్నప్పుడు, రాగనామం ఆధారంగా నాటి గానరూపాన్ని నిర్ణయించడం నిరాధారమవుతుంది.

కనుక అన్నమాచార్యుల వాగ్గేయకారత్వాన్ని పరిశీలించేవారు రేకులు చెప్పే రాగనామాన్నీ, నేటి స్వరరచననూ వేర్వేరు ఆధారాలుగా గ్రహించాలి. ఆధునిక బాణీలలోని సంగతులను పదిహేనవ శతాబ్ది సంగీతానికి సాక్ష్యంగా చూపడం సరికాదు. ఈ వివేచన ఆ బాణీల విలువను తగ్గించదు. శతాబ్దాల పాటు లోహంపై మౌనంగా ఉన్న సాహిత్యాన్ని మళ్ళీ జనుల నోట పలికించిన ఘనత వాటిదే. ఆ ఘనతను దాని కాలానికి, దాని కర్తలకు చెందినదిగా గుర్తించడమే చరిత్ర రచనకు న్యాయం.