దలా ఒడ్డున ఒంటితీగ

రంగూన్ నదికి ఆవలి ఒడ్డు దలా. ఐరావతి ఫ్లొటిల్లా కంపెనీ ఓడల యార్డు ఉండేది అక్కడే. ఎదురుగా రంగూన్ రేవులు. అక్కడ మూటలు మోసిన మనవాళ్లను కోరంగివాళ్లనేవారు. అది కాకినాడ దగ్గరి పాత రేవు పేరు.

ఆ కూలిడబ్బులతో, పనసమొద్దు తొలిచి చేసే బొబ్బిలి వీణను కొనగలమా? ఏక్‌తారకైతే ఎండిన సొరబుర్ర, వెదురు, ఒక తీగ చాలు. మీటడానికి ఒక వేలు, శ్రుతి పట్టడానికి చెవి.

1930 మేలో రేవుపని తగాదా అల్లర్లుగా మారి మనవాళ్లెందరో చనిపోయారు. 1942లో జపాన్ దాడికి లక్షలమంది భారతీయులు బర్మా విడిచారు, ఎందరో కాలినడకనే. ఆ నడకలో వాద్యాలకు చోటెక్కడ? కాని సొరపాదు ఉన్నచోట ఏక్‌తార మళ్లీ పుడుతుంది.

మనం మాత్రం ఖరీదైన వీణను బీరువాలో దాచి పిల్లల్ని ముట్టనివ్వం. ఈ సెలవుల్లో ఒక బుర్రకు తీగ కట్టి వాళ్ల చేతికిద్దాం.